వర్ణవివక్ష పాలన ఎందుకు కూలిందో పిల్లలకు పూర్తిగా చెప్పండి: సాంఘిక శాస్త్ర పాఠాలు రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, పోటీ పరీక్షల పుస్తకాలు కూర్చే మిత్రులకు నమస్కారం.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ఎందుకు అంతమైందని విద్యార్థులను అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు. నెల్సన్ మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉన్నాడు, ప్రపంచ దేశాలు ఆంక్షలు విధించాయి, అధ్యక్షుడు డి క్లర్క్ ఆయనను విడుదల చేశాడు, 1994లో ఎన్నికలు జరిగాయి. ఇందులో ఏ సంగతీ అబద్ధం కాదు. అయితే ఇవన్నీ ఏం జరిగిందో చెబుతాయి తప్ప ఎందుకు జరిగిందో చెప్పవు. మండేలాకు యావజ్జీవ శిక్ష పడిన 1964లో కూడా ఆయన అంతటి నాయకుడే, ఐక్యరాజ్యసమితి అప్పటికే ఆ విధానాన్ని ఖండిస్తూ తీర్మానాలు చేస్తోంది, అయినా ఆ పాలన చెక్కుచెదరలేదు. మరి 1964లో కదలనిది 1990లో ఎందుకు కదిలింది? ఈ ప్రశ్నకు మన పాఠాల్లో చోటు కల్పించాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పాలన నల్లవారి శ్రమ లేకుండా ఒక్కరోజు కూడా నడవదు, కానీ ఆ శ్రమ చేసే మనిషి తమ నగరంలో నివసించకూడదని, సంఘం పెట్టుకోకూడదని, ఓటడగకూడదని శాసిస్తుంది. ఈ రెండూ ఒకచోట ఇమడవు. కార్మికులు, విద్యార్థులు, అద్దె ఇళ్ళలో ఉండే సామాన్యులు 1973 నుంచి ఈ పొసగనితనాన్ని పాలకులు భరించలేనంత ఖర్చుగా మార్చారు. ఆంక్షలు, విదేశీ అప్పులు, అంగోలా యుద్ధం, సోవియట్ కూటమి పతనం అప్పటికే బీటలు వారిన కట్టడం మీద పడిన బరువులు. మన పాఠాల్లో ఆ బరువుల ప్రస్తావన ఉంటుంది, బీటల ఊసు ఉండదు.

పాఠం సాధారణంగా 1948తో మొదలవుతుంది. ఆ ఏడాది ఎన్నికల్లో డి.ఎఫ్. మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ప్రత్యర్థి పార్టీ కంటే దానికి ఓట్లు తక్కువ, సీట్లు ఎక్కువ. గ్రామీణ నియోజకవర్గాలను చిన్నవిగా ఉంచుకునే వీలుండటం దానికి కలిసివచ్చింది. 1950లో ప్రతి మనిషినీ ఒక జాతి కింద నమోదు చేసే చట్టం, ఏ జాతివారు ఎక్కడ నివసించాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం, 1953లో నల్లజాతి పిల్లలకు వేరే చదువు నిర్దేశించే బంటూ విద్యా చట్టం వచ్చాయి. భూమి సంగతి అంతకంటే పాతది. 1913 నాటి భూచట్టం దేశ జనాభాలో అత్యధికులైన నల్లవారికి సుమారు ఏడు శాతం భూమిని మిగిల్చింది, 1936లో దానిని పదమూడు శాతం దాకా పెంచారు. బతకడానికి సరిపోని కొద్దిపాటి భూమిలో వారిని ఉంచి, బతుకుతెరువు కోసం గనులకు, పొలాలకు, ఫ్యాక్టరీలకు వచ్చేలా చేయడమే ఆ ఏర్పాటులోని కిటుకు. ఇది విద్యార్థికి అర్థం కాకపోతే వర్ణవివక్ష అంటే పార్కుల్లో బెంచీలు, పోస్టాఫీసులో వరుసలు వేరుగా ఉండటమేనని అనుకుంటాడు. బెంచీలు అవమానం, నిజమే. కానీ ఆ వ్యవస్థకు వెన్నెముక పాసు పుస్తకం.

ఆ పుస్తకం గురించి ఒక పేరా అయినా ఉండాలి. పాసులను రద్దు చేసే చట్టమని పేరు పెట్టి 1952లో తెచ్చిన శాసనమే నల్లజాతి వయోజన పురుషులందరికీ ఒకే నమూనా పుస్తకాన్ని తప్పనిసరి చేసింది, ఆ తరువాత కొన్నేళ్ళకు స్త్రీలకూ దాన్ని అంటగట్టింది. అందులో ఫొటో, తెగ పేరు, పన్ను కట్టిన వివరాలతోపాటు యజమాని నెలనెలా సంతకం పెట్టే పేజీలు ఉండేవి. పుస్తకం ఇంట్లో మరచిపోయినా, ఈ నెల సంతకం పడకపోయినా, వీధిలో పోలీసు ఆపితే అరెస్టే. అనుమతి లేని నల్లవారు నగరంలో 72 గంటలకు మించి ఉండరాదు. అక్కడే పుట్టి పెరిగినట్టో, ఒకే యజమాని దగ్గర పదేళ్ళు ఎడతెగకుండా పనిచేసినట్టో, చట్టబద్ధంగా పదిహేనేళ్ళు అక్కడే ఉన్నట్టో రుజువు చూపితేనే స్థిర నివాసం. పాసు కేసులు విచారించే కోర్టుల్లో ఒక్కో కేసు కొద్ది నిమిషాల్లో తేలిపోయేది. దశాబ్దాల కాలంలో ఈ చట్టాల కింద జరిగిన అరెస్టులు కోటికి మించాయి. 1960 మార్చి 21న షార్ప్‌విల్ అనే నల్లవారి పేటలో పోలీసులు కాల్చి చంపిన 69 మంది ఈ పాసులకు వ్యతిరేకంగానే పోలీసు స్టేషను ముందు గుమికూడారు.

షార్ప్‌విల్ తరువాత మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను, దాని నుంచి చీలిన పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌ను నిషేధించారు. నాయకులు జైలుకో ప్రవాసానికో వెళ్ళారు. కొంత పెట్టుబడి భయపడి వెళ్ళిపోయినా త్వరలోనే తిరిగి వచ్చింది, 1960లలో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ వేగంగా పెరిగింది. అంటే అణచివేత పని చేసింది. ఈ మాట పిల్లలకు చెప్పడానికి మనం జంకుతాం. పాఠంలో అన్యాయం జరిగిన మరుక్షణం పతనం మొదలవ్వాలని మనకు ఆశ. చరిత్ర అలా నడవలేదు, పదేళ్ళకు పైగా ఆ పాలన నిశ్చింతగా సాగింది. ఆ నిశ్చింతను మొదట చెదరగొట్టినవారు ఇటుకల కార్మికులు.

1973 జనవరి 9 తెల్లవారుజామున డర్బన్ శివార్లలోని కొరొనేషన్ ఇటుక, పెంకుల కర్మాగారంలో సుమారు రెండు వేల మంది కార్మికులు పనిలోకి వెళ్ళకుండా ఫుట్‌బాల్ మైదానంలో చేరారు. కనీస వారపు వేతనం తొమ్మిది రాండ్లకు (రాండ్ ఆ దేశపు కరెన్సీ) కాస్త తక్కువ, వారు ఇరవై అడిగారు. నల్లజాతి కార్మికుల సమ్మె అప్పటికి చట్టవిరుద్ధం. మాట్లాడటానికి ప్రతినిధులను ఎన్నుకోమని యాజమాన్యం కోరితే వారు ఒప్పుకోలేదు. ఎవరి పేరు బయటికి వస్తే వారి ఉద్యోగం పోతుందని, వారు జైలు పాలవుతారని అందరికీ తెలుసు. నాయకుడు లేని సమ్మెలో పోలీసులు ఎవరిని పట్టుకోవాలి? కోరినంత రాకపోయినా కూలి పెరిగింది. ఆ కబురు బట్టల మిల్లులకు, ఇతర కర్మాగారాలకు, చివరికి నగరపాలక సంస్థ కార్మికులకు పాకింది. మార్చి ముగిసేసరికి అరవై వేల నుంచి లక్ష మంది దాకా ఏదో ఒక రోజు పని మానేశారు. భారత సంతతి కార్మికులు కూడా పలుచోట్ల వారితో కలిసి బయటికి వచ్చారు. ప్రధాని ఫోర్స్టర్ స్వయంగా పార్లమెంటులో కార్మికులను గంటల లెక్కన పనిచేసే యంత్రాలుగా కాక మనుషులుగా చూడాలని యజమానులకు హితవు చెప్పవలసి వచ్చింది. ఆ మాట ఆ నోట రావడం విడ్డూరమే, కానీ అది జ్ఞానోదయం కాదు, భయం.

ఎందుకు భయం? రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి దక్షిణాఫ్రికా ఆర్థిక వ్యవస్థలో గనుల కంటే పరిశ్రమల వాటా పెద్దదైంది. గనిలో ఏడాది ఒప్పందం మీద వచ్చి వెళ్ళే కూలీతో పని నడుస్తుంది. మోటారు కార్ల కర్మాగారంలో అలా నడవదు. అక్కడ యంత్రం తెలిసినవాడు, చదువుకున్నవాడు, వచ్చే ఏడాదీ అదే పనిలో ఉండేవాడు కావాలి. నైపుణ్యం గల పనులను తెల్లవారికే కేటాయించే వీలు చట్టంలో ఉంది, కానీ ఆ పనులు చేయడానికి సరిపడా తెల్లవారు లేరు. జనాభాలో వారి వాటా ఏటేటా తగ్గుతోంది. తెల్ల విద్యార్థి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు నల్ల విద్యార్థి మీద పెట్టేదానికి పది రెట్లకు పైగా ఉండేది. చదువు ఇవ్వకుండా నిపుణుడు కావాలనడం, ఇల్లు ఇవ్వకుండా నమ్మకంగా పనిచేయమనడం ఎంతకాలం సాగుతాయి? అందుకే 1979లో, కార్మిక చట్టాల మీద ప్రభుత్వమే వేసిన వీహాన్ కమిషన్ సిఫార్సుల మీద, నల్లజాతి కార్మిక సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చారు. నమోదు చేసి అదుపులో పెట్టుకోవచ్చన్నది ప్రభుత్వం లెక్క. ఆ లెక్క తప్పింది. 1985 డిసెంబరులో డర్బన్‌లోనే పుట్టిన కార్మిక సంఘాల సమాఖ్య కొసాటు, నిషేధంలో ఉన్న పార్టీల లోటును దేశం లోపల చాలావరకు పూరించింది. దాని తొలి ప్రధాన కార్యదర్శి జే నాయుడు భారత సంతతివాడు. 1987 ఆగస్టులో రెండున్నర లక్షలకు పైగా గని కార్మికులు మూడు వారాలపాటు సమ్మె చేశారు. వేలాదిమందిని పనిలోంచి తీసేశారు, సమ్మె ఓడింది, సంఘం మాత్రం నిలిచింది. ఆ సమ్మెకు నాయకత్వం వహించిన సిరిల్ రామఫోసా తరువాత రాజ్యాంగ చర్చల్లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రధాన ప్రతినిధి అయ్యాడు. బేరం ఆడటం ఆయన నేర్చుకున్నది గని యాజమాన్యాల ఎదుట కూర్చునే.

పాసు చట్టాలు 1986 జూలై 1న రద్దయ్యాయి. ఈ తేదీని పాఠంలో లావు అక్షరాల్లో వేయండి. అప్పటికి మండేలా ఇంకా జైల్లోనే ఉన్నాడు. డి క్లర్క్ అధ్యక్షుడు కావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. అధికారంలో ఉన్నది మొండివాడిగా పేరుపడిన పి.డబ్ల్యు. బోతా. దేశమంతటా అత్యవసర పరిస్థితి విధించి మూడు వారాలైనా కాలేదు. అంటే మహానాయకుడి విడుదలకూ ఉదారుడైన అధ్యక్షుడి రాకకూ ముందే ఆ వ్యవస్థ తన వెన్నెముకను తానే విరుచుకుంది. కారణం సుస్పష్టం. జనం ఆ చట్టాన్ని పనికిరాకుండా చేశారు. భర్తల దగ్గర ఉండటానికి కేప్‌టౌన్‌కు వచ్చిన స్త్రీలు క్రాస్‌రోడ్స్ వంటి చోట్ల రేకులతో, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకునేవారు, అధికారులు కూల్చేవారు, వారు మళ్ళీ వేసుకునేవారు. పదేళ్ళ నిబంధనను ఎగ్గొట్టడానికి ఒప్పంద కూలీలను ఏటా స్వస్థలానికి పంపి కొత్త ఒప్పందం రాయించేవారు. ఆ విరామంతో సర్వీసు తెగిపోదని 1983లో రిఖోటో కేసులో అత్యున్నత న్యాయస్థానమే తేల్చింది. 1960 నుంచి 1983 మధ్య ముప్పై అయిదు లక్షల మందిని ఇళ్ళలోంచి తరలించినా నగరాలు నల్లబడటం ఆగలేదు, ఎందుకంటే పని నగరాల్లోనే ఉంది.

జొహానెస్‌బర్గ్ శివార్లలోని నల్లవారి పేట సొవెటోలో జరిగిన విద్యార్థుల తిరుగుబాటు గురించి విడిగా చెప్పక్కరలేదు, అది మన పుస్తకాల్లో ఉంది. ఒక ఉపాధ్యాయుడిగా ఒక్క మాట మాత్రం జోడిస్తాను. 1976 జూన్ 16న పిల్లలు వీధిలోకి వచ్చింది లెక్కలు, సాంఘిక శాస్త్రం వంటి పాఠాలను పాలక తెల్లవారి భాష ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఉత్తర్వు మీద. పిల్లలకే కాదు, చెప్పవలసిన టీచర్లలో చాలామందికీ ఆ భాష సరిగా రాదు. ఆ రోజు కాల్పుల్లో హెక్టర్ పీటర్సన్ అనే బాలుడు చనిపోయాడు, తరువాతి నెలల్లో మృతుల సంఖ్య అయిదు వందలు దాటింది. సరిహద్దులు దాటి వెళ్ళిన యువకులతో ప్రవాసంలోని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగానికి కొత్త తరం దొరికింది.

ఇక్కడ తెలుగువారికి నేరుగా సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి వెళ్ళారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారూ గణనీయంగా ఉన్నారు, వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక డర్బన్‌లోని కేటో మేనర్ వంటి చోట్ల తోటలు, ఇళ్ళు వదులుకుని ఛాట్స్‌వర్త్ వంటి పేటలకు తరలవలసిన భారతీయుల్లో వీరూ ఉన్నారు. 1983లో బోతా ప్రభుత్వం కొత్త రాజ్యాంగం తెచ్చింది. తెల్లవారికి, కలర్డ్ అని ముద్ర వేసిన మిశ్రమ సంతతివారికి, భారతీయులకు వేర్వేరు సభలు, నల్లవారికి ఏ సభా లేదు. మధ్యలో ఉన్నవారికి కుర్చీ వేసి, అట్టడుగున ఉన్నవారి నుంచి విడదీసే ఎత్తు అది. ఆ ఏడాది ఆగస్టులో వర్ణవివక్ష వ్యతిరేక సంఘాల కూటమిగా పుట్టిన యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ దాన్ని బహిష్కరించమంది. 1984 ఆగస్టు ఎన్నికల్లో నమోదైన భారతీయ ఓటర్లలో ఓటు వేసినవారు అయిదో వంతు మాత్రమే. తాయిలం కాదన్న ఈ నిరాకరణ మన ప్రాంతం నుంచి వలస వెళ్ళినవారి వారసులు కూడా పాలుపంచుకున్న రాజకీయ నిర్ణయం. దానిని మన పాఠం ఇంతవరకు పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఆ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1984 సెప్టెంబరు 3నే షార్ప్‌విల్, సెబొకెంగ్ తదితర పేటల్లో అద్దె పెంపు మీద తిరుగుబాటు మొదలైంది. అద్దెలు వసూలు చేసే నల్లజాతి స్థానిక మండళ్ళను ప్రజలు ప్రభుత్వ ఏజెంట్లుగా చూశారు, కొందరు సభ్యులు హత్యకు గురయ్యారు, మెడలో టైరు వేసి తగలబెట్టిన ఘోరాలూ జరిగాయి. ఉద్యమాన్ని గౌరవించడం కోసం ఆ ఘోరాలను దాచనవసరం లేదు. సైన్యం పేటల్లోకి దిగింది. అత్యవసర పరిస్థితిలో వేలాదిమందిని, వారిలో పిల్లలను కూడా, విచారణ లేకుండా నిర్బంధించారు. 1987 నాటికి వీధులు చాలావరకు అణగాయి. కానీ అణిగిన వీధిలో అద్దె వసూలు కాలేదు. సొవెటోలో 1986లో మొదలైన అద్దెల ఎగవేత 1990 దాకా సాగింది, చివరికి బకాయిలను మాఫీ చేసి ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. పోర్ట్ ఎలిజబెత్‌లో 1985లో నల్లవారు తెల్లవారి దుకాణాల్లో కొనడం మానేస్తే, వ్యాపారులే ప్రభుత్వం దగ్గరకు వెళ్ళి ఏదో ఒక పరిష్కారం చూడమన్నారు. తుపాకితో మనిషిని ఇంట్లో కూర్చోబెట్టవచ్చు, అతని చేత సరుకు కొనిపించలేరు.

డబ్బు కథకు ఇప్పుడు వద్దాం. 1985 జూలై చివర అమెరికాకు చెందిన చేస్ మన్‌హాటన్ బ్యాంకు దక్షిణాఫ్రికాకు ఇచ్చిన స్వల్పకాలిక అప్పులను ఇక పొడిగించబోమంది, మిగిలిన బ్యాంకులూ అదే బాట పట్టాయి. ఆగస్టు 15న డర్బన్‌లో బోతా చేసే ప్రసంగంలో పెద్ద సంస్కరణలు ఉంటాయని ప్రపంచమంతా ఎదురుచూసింది. ఆయన వేలు ఆడిస్తూ బెదిరించాడు. రాండ్ విలువ పడిపోయింది, స్టాక్ ఎక్స్ఛేంజిని కొద్ది రోజులు మూసేశారు, సెప్టెంబరు 1న విదేశీ అప్పుల అసలు సొమ్ము చెల్లింపులు నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. మొత్తం విదేశీ అప్పు సుమారు 2,400 కోట్ల డాలర్లు, అందులో సగానికి పైగా స్వల్పకాలికం. ఇక్కడ పిల్లలు గమనించవలసిన క్రమం ఒకటుంది. అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి సమగ్ర ఆంక్షల చట్టం చేసింది 1986 అక్టోబరులో, అంటే బ్యాంకులు తప్పుకున్న ఏడాది తరువాత. బ్యాంకులకు ధర్మచింత పుట్టలేదు. పేటల్లో మంటలు చూశాయి, తమ దేశాల్లో విశ్వవిద్యాలయాలు, చర్చిలు వాటాలు అమ్ముకుంటామని ఒత్తిడి చేయడం చూశాయి, లెక్క వేసుకున్నాయి. కాబట్టి ఆంక్షలా, లోపలి పోరాటమా అని విడదీసి అడగడమే సరికాదు. లోపలి పోరాటం లేకపోతే బయటి డబ్బు కదిలేది కాదు. 1985 సెప్టెంబరులోనే, ఆంగ్లో అమెరికన్ అనే గనుల సంస్థ అధిపతి గవిన్ రెల్లీ నాయకత్వంలో, పెద్ద పారిశ్రామికవేత్తలు జాంబియా వెళ్ళి నిషేధిత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకులతో మాట్లాడి వచ్చారు. ప్రభుత్వం కంటే ముందు పెట్టుబడిదారులు బేరానికి దిగారన్నమాట.

భారత్ పాత్రను పాఠాలు గాంధీజీ నటాల్ రోజులతో ముగిస్తాయి. 1946లో, స్వాతంత్ర్యం ఇంకా రాకముందే, భారత్ దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న తొలి దేశమైంది. అదే ఏడాది విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని బృందం ఐక్యరాజ్యసమితిలో ఈ అంశాన్ని లేవనెత్తింది. 1974లో భారత్ డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికాతో ఆడటానికి నిరాకరించి కప్పునే వదులుకుంది. ఇక నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి పేరు ఎంతమంది విద్యార్థులకు తెలుసు? 1963లో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీ పని ప్రారంభించినప్పుడు పాశ్చాత్య దేశాలు అందులో చేరడానికి నిరాకరించాయి, దాని కార్యదర్శిగా రెడ్డి పని మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో మండేలా తదితరుల మీద సాగిన రివోనియా విచారణను ఆపి రాజకీయ ఖైదీలను విడుదల చేయాలన్న తీర్మానానికి 106 దేశాలు ఓటు వేయగా, దక్షిణాఫ్రికా ఒక్కటే వ్యతిరేకించింది. తరువాత వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరుగా ఆయన ఆయుధాల నిషేధం కోసం, ఉద్యమ సంస్థలకు నిధుల కోసం 1980ల మధ్య దాకా శ్రమించారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2013లో ఆయనకు ఓ.ఆర్. టాంబో పేరిట ఉన్న జాతీయ పురస్కారం ఇచ్చింది. ఆయన 2020లో కన్నుమూశారు. సాటి తెలుగువాడని మురిసిపోవడానికి కాదు, ఒక తీర్మానం వెనుక ఎంత గుమాస్తా పని, ఎంత ఓపిక ఉంటాయో చూపడానికి ఆయన కథ పనికి వస్తుంది.

1977లో వచ్చిన తప్పనిసరి ఆయుధ నిషేధం ఫలితం పదేళ్ళ తరువాత అంగోలాలో కనిపించింది. 1987-88లో అక్కడి క్వీటో క్వానవాలే పట్టణం చుట్టూ దక్షిణాఫ్రికా సైన్యానికీ, అంగోలా, క్యూబా దళాలకూ మధ్య జరిగిన యుద్ధంలో తామే గెలిచామని ఇరుపక్షాలూ నేటికీ చెప్పుకుంటాయి, ఆ తగవు తీర్చడం మన పని కాదు. కోల్పోయిన విమానం స్థానంలో కొత్తది కొనడం దక్షిణాఫ్రికాకు కష్టమైందని, ఎదుట క్యూబా దళాలు పెరుగుతున్నాయని, శవపేటికల్లో తిరిగివచ్చే తెల్ల యువకుల సంగతి ఇంట్లో ప్రశ్న అయిందని చెబితే చాలు. 1988 డిసెంబరు ఒప్పందంతో, అప్పటిదాకా దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉన్న నమీబియా స్వాతంత్ర్యానికి దారి ఏర్పడింది.

ఇక డి క్లర్క్. ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చేయను, 1990 ఫిబ్రవరి 2న పార్టీల మీద నిషేధం ఎత్తివేస్తూ చేసిన ప్రసంగానికి తెగువ కావాలి. కానీ ఆయన అప్పటిదాకా తన పార్టీలో సంప్రదాయవాదిగానే పేరున్న మంత్రి. బెర్లిన్ గోడ అంతకు మూడు నెలల ముందే కూలింది. ఇక సోవియట్ బూచిని చూపి పాశ్చాత్య దేశాల మద్దతు అడగడం కుదరదు, అటు ప్రత్యర్థికీ మాస్కో అండ పోయింది. బలం ఇంకా మిగిలి ఉండగానే మాట్లాడుకోవడం మేలని ఆయన అంచనా. మండేలాతో ప్రభుత్వ రహస్య సంభాషణలు 1985 నుంచే నడుస్తున్నాయి, బోతా స్వయంగా 1989 జూలైలో ఆయనకు టీ ఇచ్చి మాట్లాడాడు. మండేలా గొప్పతనం కూడా జైలు ఏళ్ళ లెక్కలో కంటే ఈ దశలోనే బాగా కనిపిస్తుంది. హింసను వదులుకుంటే విడుదల చేస్తామన్న ప్రతిపాదనను 1985లో ఆయన తిరస్కరించాడు, అయినా మాటల దారి మూసేయలేదు.

విడుదలకూ ఎన్నికలకూ మధ్య నాలుగేళ్ళను మన పాఠాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఆ నాలుగేళ్ళలో రాజకీయ హింసలో సుమారు పద్నాలుగు వేల మంది చనిపోయారు. 1992 మేలో చర్చలు ప్రతిష్టంభనలో పడ్డాయి, జూన్‌లో బొయ్‌పటోంగ్ అనే నల్లవారి పేటలో ఊచకోత జరిగింది, ఆగస్టులో లక్షలాది కార్మికులు రెండు రోజులు దేశాన్ని స్తంభింపజేశారు, సెప్టెంబరు చివర ఇరుపక్షాలూ మళ్ళీ ఒక అవగాహనకు వచ్చాయి. 1973లో ఇటుకల బట్టీ దగ్గర మొదలైన ఆయుధమే చర్చల బల్లనూ కదిలించింది. 1993 ఏప్రిల్‌లో, నల్లవారిలో ఎంతో ఆదరణ ఉన్న కమ్యూనిస్టు పార్టీ నాయకుడు క్రిస్ హానీ హత్య జరిగిన రాత్రి దేశాన్ని శాంతపరచడానికి టీవీలో మాట్లాడింది అధ్యక్షుడు డి క్లర్క్ కాదు, ప్రభుత్వంలో ఏ పదవీ లేని మండేలా. అధికారం ఎవరి చేతికి మారిందో జనానికి ఆ రాత్రే తెలిసిపోయింది. ఎన్నికల తేదీ ఆ తరువాత ఖరారైంది.

గెలుపు పూర్తి గెలుపు కాదు, అది ఒప్పందం. ఏ పక్షమూ మరోదాన్ని ఓడించలేని స్థితిలో, పాత ఉద్యోగులకు భద్రత, అయిదేళ్ళ ఉమ్మడి ప్రభుత్వం, ఆస్తి హక్కుకు రక్షణ ఇచ్చి ఓటు హక్కు తెచ్చుకున్నారు. 2017 నాటి ప్రభుత్వ భూ లెక్కల ప్రకారం వ్యక్తుల పేరిట ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం ఇంకా తెల్లవారిదే. చట్టం ఎందుకు అంతమైందో తెలిసిన విద్యార్థికి ఈ అంకె ఎందుకు మారలేదో కూడా బోధపడుతుంది.

నేను కోరేది ఎక్కువ పేజీలు కాదు. మండేలా ఫొటో పక్కన పాసు పుస్తకం పేజీ ఒకటి వేయండి. కాలరేఖలో 1973, 1979, 1984, 1986లకు చోటివ్వండి. భారత్ పాత్ర కింద 1946 నిర్ణయాన్ని, ఇ.ఎస్. రెడ్డి పేరును చేర్చండి. మండేలా ఎన్నేళ్ళు జైల్లో ఉన్నాడనే ఒక మార్కు ప్రశ్న పక్కన, మండేలా జైల్లో ఉండగానే పాసు చట్టాలు ఎందుకు రద్దయ్యాయి అనే నాలుగు మార్కుల ప్రశ్న కూడా ఇవ్వండి. పోటీ పరీక్షల పుస్తకాలు కూర్చేవారు ఆంక్షలు, విడుదల, ఎన్నికలను బిట్లుగా విడదీయకుండా ఒక కారణ క్రమంగా రాస్తే అభ్యర్థులకు గుర్తుంచుకోవడం కూడా తేలికే. సవరించిన పాఠం ముసాయిదాను ముద్రణకు ముందు ఉపాధ్యాయుల పరిశీలనకు ఉంచితే, నావంటి విశ్రాంత ఉపాధ్యాయులు చదివి అభిప్రాయాలు పంపడానికి సిద్ధంగా ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు